పీకుడు మాస్టారి ముందుజాగ్రత్త

పది గంటలకు భార్యకు కంప్యూటర్‌లో ఇంటర్వ్యూ ఉంది కాబట్టి, ఆ ఉదయం ఇంట్లో ఒక్క ప్లగ్గు కూడా ముట్టుకోనని లెక్కల మాస్టారు ఒట్టేశారు. ఒకసారి పిడుగు పడి ఫ్రిజ్, టీవీ, నీళ్ల మోటారు కట్టగట్టుకుని కాలిపోయినప్పటి నుంచి ఆయనకు మబ్బంటే హడల్. ఇంటికి కొత్తగా ఎర్తింగ్ చేయించారు. ఎక్కువ కరెంటు వస్తే ఆపే పెట్టె మీటరు పక్కన బిగించారు. అయినా నమ్మకం చాలక, ఆకాశం కాస్త నల్లబడితే చాలు, ఇల్లంతా తిరిగి ప్లగ్గులు పీకేస్తారు. వీధిలో ఆయన పేరు పీకుడు మాస్టారు.

భార్యకు ఆ ఉద్యోగం రావాలి. రోజూ రెండు బస్సులు మారి ఎక్కడో దూరాన ఉన్న లైబ్రరీలో పనికి వెళ్లి వచ్చేసరికి ఆవిడ నడుం విరిగిపోతోంది. ఈ కొత్త లైబ్రరీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. ఇలాంటి అవకాశం మళ్లీ రాదని మాస్టారికీ తెలుసు.

"ఇవాళ మాత్రం మీ చేతులు మీ దగ్గరే పెట్టుకోండి, మీకు దణ్ణం పెడతాను," అంది ఆవిడ, తల దువ్వుకోవడానికి లోపలికి వెళుతూ.

"నాకు తెలీదా ఏమిటి? చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెబుతావే!" అన్నారు మాస్టారు.

కాసేపటికి దూరంగా ఎక్కడో ఉరిమింది. మాస్టారు కుర్చీలోంచి లేచారు. కూర్చున్నారు. మళ్లీ లేచారు. ఇంటర్వ్యూ మధ్యలో పిడుగు పడి కంప్యూటరే పేలిపోతే ఆవిడ గతేం కాను? ఈ మబ్బు దాటేదాకా తీసేసి, మళ్లీ పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? కంప్యూటరు, ఇంటర్నెట్ పెట్టె, భార్య ఫోను ఛార్జరు, అత్తగారి మోకాళ్ల మర్దనా మిషను, అన్నీ పీకేశారు. ఏది ఎక్కడిదో మర్చిపోకుండా దేని వైరు దాని ప్లగ్గు కిందే నేల మీద పెట్టి, మబ్బు చూడ్డానికి మేడెక్కారు.

దిగి వచ్చేసరికి నేల శుభ్రంగా తుడిచి ఉంది. వైర్లు లేవు.

"వైర్లేవి అత్తయ్యగారూ?"

"కాళ్లకి తగులుతున్నాయని చుట్టచుట్టి బుట్టలో పడేశాను బాబూ. అమ్మాయికి ఇంటర్వ్యూ కదా, ఇల్లు నీటుగా ఉండొద్దూ?"

బుట్టలో నల్లటి అడాప్టర్లన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. మాస్టారు గడియారం చూశారు. పది కావస్తోంది. చేతికందినదాన్ని ఇంటర్నెట్ పెట్టెకి గుచ్చారు. చక్కగా పట్టింది. "అమ్మయ్య" అనుకుంటూ స్విచ్ వేశారు. టప్పుమని చప్పుడు, వెంటనే సన్నటి పొగ. అది మర్దనా మిషనుది. అంత కరెంటు ఈ చిన్న పెట్టె ఎక్కడ తట్టుకుంటుంది?

"ఏమిటా వాసన?" అంటూ భార్య పరుగెత్తుకొచ్చింది. బుట్టలోంచి కంప్యూటరు వైరు వెతికి తగిలించి వెలిగించింది గానీ ఇంటర్నెట్ ఏదీ? ఫోన్లోంచి పెడదామంటే, ఛార్జింగు లేక అది చచ్చి పడుంది. వైరు తగిలించి బతిమాలినా లేవలేదు. ఈలోగా పది దాటిపోయింది. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది.

ఆవిడ నేల మీద చతికిలబడింది. "ఇన్నేళ్లు ఎదురు చూశానండీ. పిడుగు పడలేదు. వాన కూడా పడలేదు. మీరు పడ్డారు, నా నెత్తిన!"

 భూమి బద్దలై తనను లోపలికి లాక్కుంటే బాగుండునని మాస్టారికి అనిపించింది. పెళ్లైన ఇన్నాళ్లలో ఆవిడ కోరింది ఒక్కటే, ఏమీ చేయకుండా కూర్చోమని. అదీ చేతకాలేదు. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు ఆయన జేబులోని పాత బటన్ల ఫోను మోగింది.

"మేడంగారి ఫోను కలవట్లేదండీ, అందుకని మీకు చేశాం. క్షమించాలి. ఇక్కడ ఊరవతల మా లైబ్రరీల ఆఫీసు మీద పిడుగు పడి కంప్యూటర్లన్నీ కాలిపోయాయి. ఇంటర్వ్యూ ఎవరికీ జరగలేదు. రేపు పదింటికి ఆఫీసుకే రమ్మనండి."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు నోరూ లేచింది. "చూశావా! వాళ్లు ప్లగ్గులు పీకలేదు, అనుభవించారు! నేను చెబితే వింటారా ఎవరైనా?"

భార్య లేచి, కాలిపోయిన ఇంటర్నెట్ పెట్టె తీసి చెత్తబుట్టలో పడేసింది. మర్నాడు ఇంటర్వ్యూకి భర్తను కూడా వెంటబెట్టుకుని వెళ్లింది. ధైర్యం కోసం కాదు, ఇంట్లో ఇంకా కాలని సామాన్లు కొన్ని మిగిలి ఉన్నాయి.