బారులో బోరు

ఆదివారం పొద్దున తిప్పేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకు బారుకు వెళ్లాలి, పన్నెండు కల్లా టెంకాయను ఓడించాలి, ఒంటిగంటకు ఇంటికొచ్చి రాగిముద్ద తినాలి.

తిప్పేష్ రాయదుర్గంలోని ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. బారుకు వెళ్లేది తాగడానికి కాదు, వాగడానికి. నెల రోజులుగా ప్రతి ఆదివారమూ కుళ్లాయప్ప బారు మేడమీది గదిలో ఊరివాళ్లకు ఉచితంగా సైన్సు చెబుతున్నాడు. మండపాల్లో పెళ్లిళ్లు, లైబ్రరీలో చెదలు, స్కూలుకు తాళం. ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే కుర్చీలు ఊరు మొత్తానికి కుళ్లాయప్ప దగ్గరే ఉన్నాయి. "మందు అమ్మేకి లైసెన్సు కావల్ల గానీ సైన్సు చెప్పేకి ఎందుకు సార్? వచ్చి చెప్పుకోండి," అన్నాడు కుళ్లాయప్ప. తిప్పేష్ పెట్టిన షరతు ఒక్కటే: క్లాసు అయ్యేదాకా గ్లాసు కదలకూడదు. బుడ్డి మూత తీయరాదు. వేయించిన బుడ్డలు, అదే, ఆ సీమ వేరుశనక్కాయలు, ఎన్నయినా తినవచ్చు.

మొదటి వారం "జీన్స్: తరతరాల కథ" అని బోర్డు పెడితే, ఊళ్లో ప్యాంట్లు కుట్టే టైలర్లు నలభై మంది తరలివచ్చారు. తాతముత్తాతల పోలికల గురించి గంటన్నర ఓపిగ్గా విని, చివర్లో ఒకాయన లేచి, "జిప్పు గురించి వచ్చేవారం చెప్తారా సార్?" అన్నాడు. అయినా వాళ్లు రావడం మానలేదు. పైన ఫ్యాన్లు బాగా తిరుగుతాయి.

ఈ వారం బోర్డు మీద "నీళ్లు, నిజాలు" అని ఉంది. దీని వెనక ఇంటి గొడవ ఉంది. తిప్పేష్ భార్య హేమావతికి పుట్టింటివాళ్లు ఇచ్చిన మూడెకరాల చేను కుందుర్పి దగ్గరుంది. అందులో బోరు వేయించాలని ఆవిడ పట్టు. చుట్టుపక్కల చేలల్లో పదకొండు బోర్లు వేస్తే పదకొండింట్లోనూ దుమ్మే లేచిందని, మనది పన్నెండోది కాకూడదని ఆయన పట్టు. మూడేళ్లుగా భూగర్భం పటాలు గీసి గోడలకు అంటించాడు. ఆవిడ వాటిలో ఒకదాని మీద పాల లెక్క రాసుకుంటోంది.

"ఎర్రిస్వామిని రేపు పొద్దున్నే చేనికాడికి రమ్మన్నా," అంది హేమావతి ఆ ఆదివారం కాఫీ ఇస్తూ. ఎర్రిస్వామి అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని నడుస్తాడు. టెంకాయ లేచి నిలబడిన చోట బోరు వేయాలంటాడు.

"అది మోసం హేమా. ఈ పొద్దు అందరి ముందర చేసి చూపిస్తా చూడు."

"చూపించు. అంతమందీ టెంకాయ అబద్ధమని ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటా. ఎర్రిస్వామిని రావద్దంటా. లేకుంటే రేపే బోరు. మళ్లీ మాటుండకూడదు."

మాట ఖాయమైంది. బారు మెట్లెక్కుతుంటే ఎవరైనా చూసి తప్పుగా అనుకుంటారని, ఎప్పటిలాగే కాలేజీ గుర్తింపు కార్డు మెడలో వేసుకొని, సంచిలో పటాలూ టెంకాయా పెట్టుకొని తిప్పేష్ బయలుదేరాడు.

మేడమీద క్లాసు గంటసేపు బ్రహ్మాండంగా సాగింది. బోరు గురించి చెబుతూ ఎవరికీ బోరు కొట్టించకపోవడం చిన్న విషయం కాదు. చివర్లో ఆయన టెంకాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకున్నాడు.

"ఇది తనంతట తాను లేవదు. లేవాలని మనం అనుకున్న చోట మన వేళ్లే, మనకు తెలీకుండా, లేపుతాయి. నేను ఇప్పుడు ఆ కిటికీ దగ్గర లేపాలనుకుంటాండా. చూడండి."

నాలుగడుగులు నడిచి కిటికీ దగ్గరికి చేరాడు. టెంకాయ నిలువుగా లేచి నిలబడింది.

"చూసినారా? ఇది మేడ. మేడమీద నీళ్లుంటాయా?" అని తిప్పేష్ గర్వంగా వెనక్కి తిరిగాడు.

నలభై మందీ లేచి చెప్పులు విడిచారు.

"మేడమీద ఉండవు సార్, దాని కింద నేల ఉండాది కదా," అన్నాడు కుళ్లాయప్ప గొంతు తగ్గించి. కుళ్లాయప్పది విచిత్రమైన కష్టం. బారులో తాగేవాళ్లున్నారు, తాగునీరు లేదు. నాలుగేళ్లుగా ట్యాంకరు మీదే బతుకుతున్నాడు. "ఎర్రిస్వామి నేలమీద నడిచి చెప్తాడు. సారు మేడమీద నుంచే చెప్పినాడప్పా!"

"నేను చెప్పలేదయ్యా! నేనే లేపినా, నా చేత్తో!"

"ఎర్రిస్వామి అయితే నా మహిమ నా మహిమ అని అరుస్తాడు," అన్నాడు ముందు వరుసలోని ఆంజినప్ప. ఈయన బోరు బండి ఏజెంటు. "సారు చూడు, నాదేం లేదంటాడు. నిజంగా మహిమ ఉండేవాళ్లు ఇట్లే అంటారు."

"లేదంటే లేదు! ఇది సైన్సు!"

"సైన్సే సార్. ఓ-పాజిటివ్ రక్తం ఉండేవాళ్ల చేతిలోనే టెంకాయ లేస్తాదంట. మీది ఏ గ్రూపు?"

అబద్ధం చెబుదామని తిప్పేష్ నోరు తెరిచాడు. అప్పటికే ఆంజినప్ప ఆయన మెడలోని కార్డు పట్టుకొని చదువుతున్నాడు. బారుకు వచ్చింది లెక్చరరని తెలియడానికి వేసుకున్న కార్డు మీద, పేరు కంటే పెద్ద అక్షరాల్లో, రక్తం గ్రూపు ఉంది.

"ఓ-పాజిటివే!" అని ఆంజినప్ప అరిచిన అరుపుకు కింద బారు ఊడుస్తున్న బయమ్మ చీపురు పట్టుకొనే పైకి వచ్చింది.

ఆ తర్వాత ఎవరూ తిప్పేష్‌ను అడగలేదు. కుళ్లాయప్ప కిటికీలోంచి చేయి చాపి, బారు నిమ్మకాయ ఒకటి తిన్నగా కిందికి జారవిడిచాడు. అది వెనక సందులో పడిన చోట బయమ్మ పసుపు కుంకుమ పెట్టింది. ఆంజినప్ప ఫోను తీశాడు. ఆదివారం కాబట్టి బోరు బండి కూడా ఖాళీగానే ఉంది.

పన్నెండింటికి బండి సందులోకి వచ్చింది. తిప్పేష్ పటం విప్పి దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎనిమిది వందల అడుగులు పోయినా రాయే! నా మాట వినండి!"

"దిష్టి తగలకుండా అట్లంటాడు," అని టైలర్లు ఆయన్ను మర్యాదగా ఎత్తి పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. బయమ్మ మాత్రం ఈ వార్త హేమావతికి తనకంటే ముందు ఇంకెవరైనా చెప్పేస్తారేమోనని పరుగున వెళ్లింది.

బండి గర్జించింది. ఎనిమిది వందల అడుగులు అక్కర్లేకపోయింది. నాలుగడుగులు దిగీ దిగకముందే నీళ్లు కిటికీ ఎత్తున లేచాయి. టైలర్లు తడుస్తూ గంతులేశారు. కుళ్లాయప్ప ఏడ్చాడు. తిప్పేష్ దోసిట్లో నీళ్లు పట్టి వాసన చూశాడు.

"ఇది బ్లీచింగ్ పౌడరు వాసన! ఇవి కుళాయి నీళ్లు! పైపు పగలగొట్టినారు!"

"గంగమ్మ శుద్ధి చేసుకొని వచ్చింది," అంది పక్కనున్న ఒక పెద్దావిడ.

అంతలో మున్సిపాలిటీలో కుళాయి పైపులు చూసే వెంకటరాముడు సైకిలు మీద వచ్చాడు. తిప్పేష్‌కు ప్రాణం లేచి వచ్చింది. "చెప్పప్పా! ఇది పైపే కదా?"

"పైపే సార్," అన్నాడు వెంకటరాముడు. "పాత లైను. పటం పోయింది. ఇది యాడ పోతాందో తెలీక రెండేళ్లుగా ఊరంతా తవ్వుతాండాం." అతను మోకాళ్ల మీద కూర్చొని ఆ గుంతకు దండం పెట్టాడు. "టెంకాయతో కనుక్కున్నారంట. కోట వీధిలో ఇంకొక లైను తప్పిపోయింది సార్. రేపు ఒకసారి వస్తారా?"

"విన్నారా? బోరు కాదు, పైపు!" అన్నాడు తిప్పేష్ జనంవైపు తిరిగి.

"పైపులో ఉండేదేమి సార్? నీళ్లే కదా!" అన్నాడు ఆంజినప్ప.

తల నుంచి నీళ్లు కారుతుండగా తిప్పేష్ కూలబడ్డాడు. ఒక్కరు కూడా ఒప్పుకోలేదు. రేపు చేన్లో బోరు. సందు మొదట్లో బయమ్మ వెనకాల హేమావతి వస్తోంది. గుంతను చూసింది, పసుపు కుంకుమను చూసింది, మొగుణ్ని చూసింది.

"ఎర్రిస్వామికి ఫోన్ చేసి రావద్దని చెప్పినా," అంది.

తిప్పేష్ లేచి నిలబడ్డాడు. "నిజమా? నమ్మినావా నన్ను?"

"నమ్మకేం? ఇంట్లోనే నువ్వుండంగా బయటోళ్లెందుకు? పద్దెనిమిదేళ్లు కాపురం చేసినాం, రక్తం గ్రూపు కూడా చెప్పలేదే నువ్వు నాకు!" ఆవిడ కింద దొర్లుతున్న టెంకాయను తీసి, కొంగుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టింది. "రేపు పొద్దున బస్సుకు నువ్వే వస్తాండావు చేనికాడికి."

సోమవారం పొద్దున కుందుర్పి చేను గట్టు మీద తిప్పేష్ చెప్పులు విడిచాడు. అరచేతిలో టెంకాయ. ఎదురుగా మూడెకరాల ఎర్రమట్టి. పక్క చేలల్లో మూతలు పెట్టిన పదకొండు ఇనుప గొట్టాలు ఎండకు మెరుస్తున్నాయి. నిన్న తానే చెప్పిన మాట గుర్తొచ్చింది: చెయ్యి ఏది కోరితే టెంకాయ అది చేస్తుంది. తన చెయ్యి ఏం కోరుతోందో ఆయనకు బాగా తెలుసు.

మూడెకరాలూ నిలువునా అడ్డంగా తిరిగాడు. టెంకాయ ఆఫీసు ఫైలులాగా ఉన్న చోటి నుంచి కదల్లేదు.

"లేదా?" అంది గట్టు మీది నుంచి హేమావతి.

"లేదు."

"యాడా లేదా?"

"యాడా లేదు."

హేమావతి చేను వైపు చూసింది. "సరేలే. వాన పడితే కొర్రలే వేద్దాం," అని చీర దులుపుకొని లేచింది.

మూడేళ్ల పటాలకు కుదరని పని పావుగంటలో ఒక టెంకాయ చేసింది. సంతోషించాలో సిగ్గుపడాలో తిప్పేష్‌కు తేలలేదు. గోడ మీది పటాలను మాత్రం, ఇంటికి రాగానే, తానే ఊడదీసి చుట్టి అటక మీద పడేశాడు. పాల లెక్క ఉన్నదాన్ని వదిలేశాడు.

సాయంత్రం చట్నీకి ఆ టెంకాయనే కొట్టింది హేమావతి. నీళ్లు పడ్డాయి.