బీల్ వీధిలో జలుబు గొంతు

భార్య దగ్గర అబద్ధం దాచడం క్లియోఫస్ టేట్‌కి చేతకాదని మెంఫిస్‌లో అందరికీ తెలుసు, ఒక్క క్లియోఫస్‌కి తప్ప. ఆ భార్య ఒడెస్సా, చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆవిడ కళ్ళజోడు పైనుంచి ఒక్క చూపు చూస్తే పాస్టరుగారే ప్రసంగం కుదించేసుకుంటారు. అలాంటావిడకి ఈయన నెలరోజులుగా ఒకటే మాట చెబుతున్నాడు.

"మంచం పట్టినవాళ్ళ కోసం బైబిల్లో యోబు గ్రంథం చదివి రికార్డు చేస్తున్నానే. దేవుడి పని."

"యోబు కష్టాలు చదివొచ్చి అలా ఈల వేస్తావేమయ్యా?"

నిజానికి ఆయన చదువుతున్నది యోబు కాదు. ఊళ్ళో బ్లూస్ అనే దుఃఖపు పాటల చరిత్ర చెవిలో వినిపిస్తూ బీల్ వీధి పొడుగునా తిప్పే టూరు ఒకటి కొత్తగా మొదలవుతోంది. హెడ్‌ఫోను పెట్టుకుని ఒక్కో మజిలీ దగ్గర బొత్తాం నొక్కితే ఒక్కో కథ వస్తుంది. ఆ కథలు చెప్పే గొంతు క్లియోఫస్‌దే.

ఇంత దాపరికం దేనికంటే, చివరి మజిలీ డూలీ హాలు. ఇప్పుడది తాళం పడిన గోడౌను, వేసవిలో కూల్చేస్తారట. పెళ్ళికి ముందు ఒడెస్సా అక్కడ ఎర్ర గౌను వేసుకుని బ్లూస్ పాడేది. పెళ్ళయ్యాక పాట మానేసి, సంఘంలో చేరి, ఆ సంగతి చచ్చినా ఎవరికీ చెప్పనని మొగుడి చేత మాట తీసుకుంది. ఇన్నేళ్ళూ ఆయన నోరు కట్టుకునే ఉన్నాడు. కానీ హాలుతో పాటు ఆమె పేరు కూడా మట్టిలో కలిసిపోతుందంటే ప్రాణం ఒప్పలేదు. ఎవరూ గుర్తుపట్టకుండా మొదటి మజిలీ నుంచే గొంతు జలుబు చేసినట్టు బొంగురుగా మార్చి, ఆ కథ కూడా చెప్పేశాడు. చెబుతూ చెబుతూ, ఊరికే ఉండలేక, తన చేతికో గిటారు తగిలించుకుని ఆమె వెనక తనని కూడా నిలబెట్టుకున్నాడు.

ఒకరోజు భోజనాల దగ్గర ఒడెస్సా అంది: "శనివారం మా స్త్రీల సమాజం షికారు. ఏదో బ్లూస్ టూరట. మా పెద్దావిడ మదర్ ఎర్నెస్టీన్ టిక్కెట్లు కూడా తెచ్చేసింది."

క్లియోఫస్ తుంచిన మొక్కజొన్న రొట్టెని మళ్ళీ ప్లేటులో పెట్టేశాడు. "అది సైతాను సంగీతం కాదుటే?"

"సైతాను ఎక్కడ కాపురముంటాడో చూడొద్దూ? నువ్వూ రా. నా కోటు పట్టుకోవడానికి మనిషి కావాలి."

శనివారం నది మీంచి చలిగాలి కొడుతోంది. ఆడవాళ్ళంతా ఈకలూ పువ్వులూ ఉన్న ఆదివారం టోపీలతో దిగారు. టోపీ మీద హెడ్‌ఫోను పట్టదు. టోపీ తియ్యమని వాళ్ళకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి అందరూ గడ్డం కింద నుంచి తగిలించుకున్నారు.

మొదటి మజిలీలోనే గొడవ మొదలైంది. సంఘంలో ఒక మనిషి మాట్లాడుతుంటే మాటమాటకీ బదులివ్వకపోవడం వాళ్ళ దృష్టిలో మర్యాద కాదు. ఆ మనిషి రికార్డులో ఉన్నా అంతే. అందరూ బొత్తాం ఒకేసారి నొక్కరు కనక, ఒకావిడ "చెప్పు బ్రదర్!" అంటే, ఇంకొకావిడ "అయ్యో దేవా!" అనేది, మూడో ఆవిడ "ఆమేన్!" అని ముగించేసేది. బస్సులు ఆగిపోయాయి. ఏదో కొత్త సంఘం పుట్టిందనుకుని ఇద్దరు బాటసారులు టోపీలు తీసి వెనకాలే నడిచారు.

ఒడెస్సా జాలిగా తల ఊపింది. "ఎవరో పాపం, బాగా జలుబు చేసిన మనిషయ్యా. వేడివేడి సూపు పెట్టేవాళ్ళు కూడా లేరు కాబోలు."

చివరి మజిలీకి ముందు క్లియోఫస్ అందరినీ మాంసం కాల్చి పెట్టే ఒక బార్బెక్యూ కొట్లోకి తోలి, పక్కటెముకల ముక్కలు ప్లేట్ల మీద ప్లేట్లు తెప్పించాడు. తిని కదలలేకపోతారని ఆశ. వాళ్ళు ఎముకలు మిగిల్చి, మూతులు తుడుచుకుని, టోపీలు సర్దుకుని లేచారు.

డూలీ హాలు ముందు అందరూ బొత్తాలు నొక్కారు. ఈసారి ఎవరూ బదులు పలకలేదు. మదర్ ఎర్నెస్టీన్ రుమాలు తీసింది. ఇన్నేళ్ళ కాపురం ఈ గుమ్మంలోనే ముగిసిందనుకుని, క్లియోఫస్ కొట్లో వేడికి ఒడెస్సా విప్పి ఇచ్చిన కోటుని గుండెకి హత్తుకున్నాడు.

ఒడెస్సా తన హెడ్‌ఫోను తీసి ఆయన చెవులకి పెట్టి, మళ్ళీ మొదటినుంచి నొక్కింది. అందులో జలుబు గొంతు లేదు. ఆవిడ గొంతే ఉంది.

"ఇక్కడ పాడింది నేను, ఒడెస్సా టేట్‌ని. గిటారు వాయించానని చెప్పే మనిషికి దాన్ని ఎటువైపు పట్టుకోవాలో తెలీదు. కానీ నేను పాడినన్నాళ్ళూ ఆ గుమ్మంలో నా కోటు పట్టుకుని నిలబడ్డాడు. పాట అయ్యేసరికి అది వెచ్చగా ఉండేది. భక్తిలో పడి బ్లూస్ మానేశానంటారు. కాదు. అది పాడాలంటే లోపల దుఃఖం ఉండాలి. ఈ మనిషి నాకు దాన్ని మిగల్చలేదు. అందుకు నేను దేవుడికీ ఆయనకీ కూడా రుణపడి ఉన్నాను."

క్లియోఫస్ కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. "నీకెప్పుడు తెలిసిందే?"

"టూరు నడిపే అమ్మాయి, గౌను ఏ రంగో అడగడానికి ఇంటికి ఫోన్ చేసింది. వెళ్ళి, నీ కథ తీయించి నాది పెట్టించాను."

"మరి వీళ్ళందరి ముందూ..."

"ఆ ఎర్ర గౌను కుట్టింది నేనేనయ్యా," అంది మదర్ ఎర్నెస్టీన్ ముక్కు చీదుతూ. "మేమంతా ముందు వరసలోనే కూర్చునేవాళ్ళం."

"అందరికీ తెలిస్తే నా చేత మాటెందుకు తీసుకున్నావే?"

"నువ్వు చెబితే గిటారు చేరుస్తావని."

ఆయన తల వంచుకున్నాడు. సిగ్గు సగం, సంతోషం సగం. ఈ ఆడమనిషిని తనకిచ్చినందుకు మనసులోనే దేవుడికి థాంక్స్ చెప్పుకున్నాడు.

"అన్నట్టు, నువ్వు చదువుతున్నావని పాస్టరుగారికి చెప్పేశాను. మంచం పట్టినవాళ్ళు ఎదురుచూస్తున్నారట. సోమవారం మొదలుపెట్టు."

"యోబు మొత్తమా?"

"మొత్తం. మామూలు గొంతుతో. ముందు ఆ కోటు ఇలా తే, చలేస్తోంది."

ఆయన కోటు తెరిచి పట్టుకున్నాడు. ఆవిడ చేతులు దూర్చి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. వెచ్చగానే ఉంది. వెనకెక్కడో ఎవరి హెడ్‌ఫోనులోనో కథ ఆలస్యంగా ముగిసినట్టుంది, గట్టిగా "ఆమేన్!" అని వినబడింది.