పిల్లకి డోపు పట్టించిన పెద్దాయన

ఒహాయో రాష్ట్రం ఎల్డర్‌ఫోర్క్ పట్టణ పౌరులకు తెలియజేయునది ఏమనగా, మత్తుపదార్థాల ముఠా నాయకుడు ఎట్టకేలకు పట్టుబడ్డాడు. పేరు లెమ్యుయెల్ స్ట్రౌడ్. వయసు డెబ్బై దాటింది. వృత్తి, పాత విమానాల రెక్కలకు గుడ్డ తొడగడం.

షెరీఫ్ ఆర్లిస్ ప్రిచెట్ గారి కష్టం పగవాడికి కూడా వద్దు. మత్తుపదార్థాల నిర్మూలనకని ప్రభుత్వం ఆయనకు ఒక యుద్ధశకటాన్నీ, ఒక జాగిలాన్నీ ప్రసాదించి ఏడాదైంది. పట్టుకోవడానికి ఒక్క దొంగా దొరకలేదు. జాగిలానికి ఒళ్లొచ్చింది. అలాంటి సమయంలో, కాఫీ హోటల్లో లెమ్యుయెల్ ఫోనులో మాట్లాడుతుంటే ఆ మాటలు షెరీఫ్ చెవిన పడ్డాయి.

"డోపు అయిపోయిందిరా అబ్బాయ్! పిల్లకి ఇప్పటికే మూడుసార్లు పట్టించాను. ఇంకొక్క డబ్బా పట్టిస్తే, శనివారం జాతరలో అందరూ చూస్తుండగా గాల్లో తేలిపోతుంది."

షెరీఫ్ చెవికి డోపంటే మత్తుమందే. నిజానికి పిల్ల అంటే లెమ్యుయెల్ విమానం. డోపు అంటే రెక్కల గుడ్డ బిగుసుకోవడానికి పూసే వార్నీషు. ఆ పనివాళ్లు మొదటినుంచీ దాన్ని అలాగే పిలుస్తారు. కళ్ల డాక్టరు నెలాఖరు దాకానే నడపమన్నాడు, నెలాఖరు శనివారమే కనుక, ఈ శనివారం ఎగరకపోతే లెమ్యుయెల్ ఈ జన్మలో మళ్లీ ఎగరడు. పాపం, ఆయన దిగులంతా అదే. చట్టానికి దిగుళ్లతో పని లేదు.

యుద్ధశకటం లెమ్యుయెల్ విమానాల షెడ్డు తలుపు విరగ్గొట్టుకుని లోపలికి వెళ్లింది. జాగిలం ఖాళీ డబ్బా వాసన చూసి, గట్టిగా తుమ్మి, పక్కనే పడుకుంది. ఆ పడుకోవడాన్నే సాక్ష్యంగా నమోదు చేశారు.

విచారణ మర్నాడే. ప్రభుత్వ న్యాయవాది లేచి, "పెద్దాయనా, అసలు డోపు చెప్పు!" అని గద్దించాడు. లోగుట్టు చెప్పమని ఆయన భావం.

"అదే కదయ్యా మొత్తుకుంటున్నా, గుడ్డకి పూసేదని!"

వెనక బల్ల మీంచి ఓ కాలేజీ పిల్ల "తాత డోపెహే!" అని ఈల వేసింది. భలేవాడని మెచ్చుకోలు. షెరీఫ్ దాన్ని ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలంగా రాసుకున్నారు. "ఎవరా డోపు, కోర్టులో ఈలేసేది?" అని న్యాయమూర్తి పెన్నెవెల్ గారు కసిరారు. ఆవిడ కాలంలో ఆ మాటకు వెధవాయి అని అర్థం. కంప్యూటరు చిప్పుల ఫ్యాక్టరీ ఇంజనీరొకాయన నిపుణుడి హోదాలో వచ్చి, సిలికాన్‌లో చిటికెడు వేరే పదార్థం కలపడాన్నీ డోపింగే అంటారనీ, అది లేనిదే ఎవరి ఫోనూ పలకదనీ సవినయంగా మనవి చేసుకున్నాడు. కోర్టులో ఉన్న ఫోన్లన్నీ తక్షణం జప్తయ్యాయి. ఇంజనీరు కూడా.

"ఒరే ఆర్లిస్, మీ నాన్నని మొదటిసారి ఆకాశంలో తిప్పింది నేనేరా. ఆ డబ్బా ఒక్కసారి నువ్వు వాసన చూడు!"

"మా కుక్క చూసింది పెద్దాయనా. నాకంటే దానికి ట్రైనింగు ఎక్కువ."

తీర్పుకు ముందు విరామం ఇచ్చారు, మాత్రల వేళయింది గనుక. డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్రలు ఎల్డర్‌ఫోర్క్‌లో రొట్టె కంటే ఎక్కువ అమ్ముడుపోతాయి. వేళకు పడకపోతే జ్యూరీ వారి చేతులు వణుకుతాయి. న్యాయమూర్తి నడుముకని రెండు వేసుకున్నారు, షెరీఫ్ మోకాలికని మూడు. కాసేపటికి అందరి కళ్లూ హాయిగా అరమోడ్పులయ్యాయి. మింగడానికేమీ లేనివాడు ముద్దాయి ఒక్కడే. తీర్పు ఏకగ్రీవం: ఆరునెలలు వ్యసన విముక్తి కేంద్రంలో ఉంచాలి.

శనివారం లెమ్యుయెల్ ఆ కేంద్రం కిటికీలోంచి ఖాళీ ఆకాశం చూసి వెక్కివెక్కి ఏడ్చాడు. డాక్టరు జాలిపడి, ఏడుపు తగ్గేందుకు అవే మాత్రలు రాశాడు. డాక్టరు రాస్తే అది డోపు కాదు, మందు.

మీరు నవ్వుతున్నారు. మీరు సాయంత్రం గ్లాసులో పోసుకునేదాన్ని ఏమని పిలుస్తారు?