జీపంత ఆవిరి వదిలిన బాదం చెట్టు

అండమాన్ గాలిని పాడుచేస్తున్నవి చెట్లేనని రుజువైన శుభసందర్భంలో పోర్ట్‌బ్లెయిర్‌లో అభినందన సభ జరిగింది. రుజువు చేసిన మహానుభావుడు వృక్ష ఆవిరుల లెక్కింపు విభాగం అధికారి గణేశ్వరరావుగారు. వారు మా డైరీ ఫార్మ్ కాలనీ వాస్తవ్యులు కావడం మాకందరికీ గర్వకారణం.

విషయం తేలికే. ఎండ తగిలితే ఆకులు కంటికి కనబడని ఆవిర్లు వదులుతాయి. అవి బండ్ల పొగతో కలిసి, ఎండలో ఓజోన్‌గా మారి మన గొంతు పట్టుకుంటాయి. అంటే తప్పులో ఇద్దరికీ వాటా ఉంది. అయితే బండ్లకు పర్మిట్లున్నాయి, పైగా విచారణ కమిటీవారు వాటిలోనే వచ్చారు. చెట్ల తరఫున ఎవరూ హాజరు కాలేదు.

ఎంత ఆవిరి వస్తుందో కంప్యూటరు చెప్పాలంటే దానికి చెట్ల జాబితా కావాలి. సునామీకి ముందటి రిజిస్టరు దొరికింది. అందులో ఊరి చివరి పల్లంలో మూడు వేల కొబ్బరి చెట్లున్నాయి. సునామీలో ఆ నేల కుంగి, ఉప్పునీరు నిలిచి, అన్నీ చచ్చి మోడులయ్యాయి. కానీ తాను చనిపోయినట్టు ఏ చెట్టూ దరఖాస్తు పెట్టుకోలేదు. కనుక మూడున్నరేళ్లుగా కంప్యూటరులో అవి నవనవలాడుతూ ఆవిర్లు వదులుతున్నాయి.

లెక్క సరిచూడడానికి గణేశ్వరరావుగారు స్వయంగా పల్లానికి వేంచేశారు. అక్కడ ఆకులున్న చెట్టు ఒక్కటే, నూకరత్నం టీ కొట్టు పక్కనున్న బాదం. సునామీ నాడు ఇద్దరు పిల్లల్నీ మేకనీ ఎక్కించి, తానూ ఎక్కి ఆమె బతికిన చెట్టు. తనంతట తాను మొలిచింది కనుక రిజిస్టరులో లేదు.

ఒక కొమ్మకు ప్లాస్టిక్ సంచి తొడిగారు. సంచిలోకి గాలి పీల్చే గొట్టాన్ని జీపు వెనకాల వదిలారు. అయ్యగారికి ఏసీ ఉండాలి కనుక ఇంజను ఆపలేదు.

"భయ్యా, బండీ బంద్ కరో. పొగంతా ఆ గొట్టంలోకే పోతంది" అంది నూకరత్నం జీపు డ్రైవరుతో.

"నీకు సైన్సు తెలుసా, దీదీ?" అన్నాడు డ్రైవరు.

"తెల్దు. దగ్గొస్తంది, అది తెలుసు."

ఫలితం శాస్త్రలోకాన్ని నివ్వెరపరిచింది. ఆ బాదం చెట్టు సరిగ్గా ఒక డీజిల్ జీపంత వదులుతోంది!

"సోదరులారా, ఈ చెట్టు అమాయకంగా నిలబడినట్టు నటిస్తోంది. లోపల ఏముందో మేం కనిపెట్టాం!" అని గణేశ్వరరావుగారు సభలో గర్జించారు. చప్పట్లు మోగాయి. చెట్టును నరకమని ఉత్తర్వు వచ్చింది.

నరికే రోజు మిట్టమధ్యాహ్నం పదకొండు జీపులు వచ్చాయి. నీడ ఒక్కచోటే ఉంది కాబట్టి అన్నీ బాదం కిందే ఆగాయి. నూకరత్నం మానును వాటేసుకుంది.

"ఆ దినం నా పిల్లల్ని కాసింది ఇదే సార్. మళ్లీ నీళ్లొస్తే నానేటి ఎక్కాల?"

ఆ నీడలో టీ తాగుతున్నవారికి ఇంకో సందేహం వచ్చింది. దీన్ని నరికితే తిరుగు ప్రయాణం దాకా జీపులెక్కడ పెట్టాలి? అక్కడికక్కడే ఉన్నతస్థాయి నిర్ణయం జరిగింది. చెట్టును కంప్యూటరులో నరకాలి. లేనిదాన్ని నరకడం నిబంధనలకు విరుద్ధం కనుక ముందు మూడు వేల ఒకటో నంబరుగా నమోదు చేసి, తర్వాత నరికేశారు. అండమాన్ గాలి ఒక జీపు మేర శుభ్రపడింది. లడ్డూలు పంచారు.

మొన్న అదే రిజిస్టరు చూసి విపత్తు రక్షణ నోటీసు వేశారు. "మరల సునామీ వచ్చినచో ప్రజలు పల్లమునందలి మూడు వేల కొబ్బరి చెట్లను ఎక్కవలెను. నరికివేయబడిన బాదం చెట్టును ఎక్కుట నేరము."

నూకరత్నానికి చదువు రాదు. ఎవరో చదివి చెబితే విని, బాదం కొమ్మకు తాడు నిచ్చెన కట్టుకుంది.

మనం చదువుకున్నవాళ్లం. కాలనీ సంఘం సమావేశం పెట్టి, గొడవల్లేకుండా ఇంటికో కొబ్బరి చెట్టు పంచుకున్నాం. మాకు రెండువందల పద్నాలుగో నంబరు వచ్చింది. రోడ్డు పక్కనే పడిందని మా ఆవిడ ఒకటే మురిసిపోతోంది.