సగానికి దిగిన జెండా

మాస్ నది వరసగా రెండోసారి ఇళ్లలోకి వచ్చి పోయిన మరుసటి ఏడు.

ఆ వరదలో, జనాన్ని నది దాటించే లాంబెర్ పంటు ఇంజను పాడైపోయింది. అప్పటినుంచి నదికి అడ్డంగా కట్టిన ఇనుప తీగ పట్టుకుని, పంటును నెదర్లాండ్స్ ఒడ్డు నుంచి బెల్జియం ఒడ్డుకు చేత్తోనే లాగుతున్నాడు. కొత్త ఇంజను యూరప్ ఆఫీసు ఇస్తుందట. అది రాకపోతే చలికాలానికి పంటు ఆగిపోతుంది. ఆ రోజు అధికారి చూడటానికి వస్తున్నాడు. రేవులో యూరప్ నీలం జెండా ఎగరాలని కాయితంలో రాశారు.

రేవులో ఉన్నది ఒక్కటే కర్ర, లాంబెర్ ఇంటి ముందు.

"మన జెండా దింపను," అన్నాడు లాంబెర్.

"దింపమని ఎవరన్నారయ్యా? కాస్త కిందికి జరుపు," అంది పెళ్లాం ఫీన్.

జరిపాడు. పైన నీలం జెండా, సగంలో దేశం జెండా. అక్కడ ఇంటి ముందు జెండా సగానికి దిగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టు. పైనున్నదాన్ని ఎవరూ లెక్కచేయలేదు. లాంబెర్ అత్తగారు ఓడిలియాకు తొంభై మూడేళ్లు. మిగతాది జనమే అనుకున్నారు.

చర్చిలో గంట కొట్టారు. అవతల బెల్జియం ఊరి ఆఫీసువాళ్లు మర్యాదకి తమ జెండా కూడా సగానికి దించారు. అది చూసి ఇటువాళ్లు, అటూ ఎవరో పోయారని బయల్దేరారు. లాంబెర్ అటువాళ్లను ఇటు, ఇటువాళ్లను అటు లాగాడు. అరచేతులు బొబ్బలెక్కాయి.

"మా అత్త బాగానే ఉంది," అన్నాడు.

"అవునయ్యా. ఇంక ఆవిడకి ఏ బాధా లేదు," అన్నారు వాళ్లు.

ఓడిలియా కిటికీ దగ్గర కూర్చుని, చావింటికని తెచ్చిన చెర్రీ పళ్ల తీపి రొట్టెలు, ఫ్లాయిలు, ఒక్కొక్కటే అందుకుంది. "పోతేగాని తేరన్నమాట. కూర్చోండర్రా, కాఫీ తాగి పోదురు," అంది.

ఇంతలో నల్లకోటు వేసుకున్న ఆయన ఒకడు పంటు దిగాడు.

"శవపేటిక అక్కర్లేదు బాబూ, వెళ్లిరా," అంది ఫీన్.

ఆయన యూరప్ ఆఫీసు కాయితం చూపించాడు. "ఎవరు పోయారండీ?"

"మా దేశం. మీ జెండా కింద పడి," అన్నాడు లాంబెర్.

అధికారి కర్రవైపు చూశాడు. "కింద కట్టమని మేం రాయలేదే. పక్కపక్కన ఉండాలి, ఒకే ఎత్తున." తర్వాత రెండొడ్ల మీదా నిలబడ్డ జనాన్ని చూశాడు. "రోజూ ఇంతమందేనా?"

ఫీన్ మొగుడి కాలు తొక్కింది. అయినా లాంబెర్‌కు అబద్ధం రాలేదు.

"ఎవరైనా పోయినప్పుడే."

"అయితే పంటు పోకూడదు," అని అధికారి ఇంజను కాయితం మీద సంతకం పెట్టాడు. రెండో కర్ర పాతాలన్నాడు.

మర్నాడు పొద్దున్నే లాంబెర్ ఇంటి ముందు కర్రకోసం గుంత తవ్వాడు. అటుగా వచ్చిన బెల్జియం పోస్ట్‌మాన్ సైకిల్ దిగి, టోపీ తీసి, గుంత వైపు తలవంచి శిలువ గుర్తు వేసుకుని వెళ్లిపోయాడు.