పూజకు రోల్‌బ్యాక్

వారం క్రితం కొన్న ఎలక్ట్రిక్ కారు తన తాళాన్ని గుర్తుపట్టడం లేదని రాగిణికి సీటు బెల్టు పెట్టుకున్నాక తెలిసింది.

స్టార్ట్ బటన్ మళ్ళీ నొక్కింది. తాళం కనబడలేదని తెర మళ్ళీ చెప్పింది. తాళం, అంటే అరిగిన సబ్బుబిళ్లంత నల్లటి రిమోట్, ఆమె ఒళ్ళోనే ఉంది.

ఇంకో గంటలో ఆమెకు డ్రైవింగ్ టెస్టు. కారు మనమే తీసుకెళితే తప్ప పరీక్ష పెట్టరు. పాత కారు కొత్తదాని ఎక్స్చేంజ్‌లో పోయింది. ఇవాళ తప్పితే మళ్ళీ తేదీ వచ్చే నెలలోనే. సోమవారం కొత్త ఉద్యోగంలో చేరాలి. అమెరికాలో, అట్లాంటా శివారు కమ్మింగ్‌లో వాళ్ళుండే వైపు బస్సన్నదే రాదు, భర్త ఫణి ఆఫీసు ఇంకో దిక్కున. లైసెన్సు లేకపోతే ఉద్యోగం లేనట్టే.

ఫణి రెండో రిమోట్ తెచ్చాడు. అదీ పనిచేయలేదు. ఫణి సాఫ్ట్‌వేర్ మనిషి. ఏది మొరాయించినా అతని దగ్గర మొదటి వైద్యం ఒకటే, ఆపి మళ్ళీ మొదలుపెట్టడం. రాగిణిని దింపి, రిమోట్‌లో దాగి ఉండే ఇనుప తాళం లాగి, కారు మూసి, కాసేపు ఆగి తెరిచాడు. రిమోట్ జాడ లేకుండా ఇనుప తాళంతో తెరిచేవాణ్ని కారు దొంగ కింద లెక్కేస్తుంది. హారన్ మొదలైంది.

ఆ హారన్ విని ఎదురింటి అవినాష్ ల్యాప్‌టాప్‌తో సహా గరాజ్‌లోకి వచ్చాడు. అతనిది ప్రొడక్షన్ సపోర్టు. ఎక్కడ ఏ సిస్టమ్ కూలినా ముందు అతన్నే పిలుస్తారు. ఇక్కడ పిలవలేదు కానీ, అలవాటు.

"రెండు రిమోట్‌లూ ఒకేసారి చెడిపోవు బ్రో," అన్నాడు హారన్‌కీ హారన్‌కీ మధ్య. "రెండూ ఒకటే చెప్తున్నాయంటే ప్రాబ్లమ్ వాటిలో లేదు. కార్‌లో ఉంది."

గుమ్మంలో నిలబడ్డ ఫణి తండ్రి చక్రపాణి ఈ మాట చాలా శ్రద్ధగా విన్నారు. ఆయన విజిలెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. రిమోట్‌లను తాను స్వయంగా చూశానని, వాటిని అనుమానించే పని లేదని తేల్చారు. ఎప్పుడు చూశారని ఎవరూ అడగలేదు. అప్పుడే ఆయన భార్య నాగమల్లేశ్వరి కాఫీ తెచ్చింది. చక్రపాణి తనకు చక్కెర లేనిది కావాలన్నారు. అదీ ఎవరూ పట్టించుకోలేదు.

నిన్నటిదాకా నడిచిన కారుకు నిన్నటి నుంచి ఏం మార్పు జరిగిందని అవినాష్ అడిగాడు.

"వాహన పూజ," అన్నాడు ఫణి.

అవినాష్ కారు చుట్టూ తిరిగి చూశాడు. స్టార్ట్ బటన్ మీద కుంకుమ. ముందు కెమెరాకు అడ్డంగా బంతిపూల దండ. బంపర్ సెన్సర్ల మీద ఎండిన కొబ్బరినీళ్లు. అతనికి అంతా అర్థమైపోయింది.

"రోల్‌బ్యాక్ చేద్దాం."

"అంటే?" అంది నాగమల్లేశ్వరి.

"వెనక్కి తీసుకోవడం, ఆంటీ. పూజకి ముందు ఎలా ఉందో అలా."

"చేసిన పూజ వెనక్కి తీసుకుంటావా? దేవుడికేం చెప్తావు నాయనా, టెస్టింగ్ అనా?"

"టెంపరరీయే, ఆంటీ. కార్ స్టార్ట్ అవగానే మళ్ళీ పెట్టేద్దాం."

చివర చేసింది ముందు తీయాలి కాబట్టి కొబ్బరినీళ్లతో మొదలుపెట్టారు. చితికిన నిమ్మకాయలకు రోల్‌బ్యాక్ లేదని అవినాష్ ఒప్పుకున్నాడు. మిత్రులిద్దరూ ముందు నుంచి బొట్లు తుడుచుకుంటూ పోతుంటే, నాగమల్లేశ్వరి కుంకుమ భరిణె తెచ్చి వెనక నుంచి పెట్టుకుంటూ వచ్చింది. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదని అవినాష్ అభ్యంతరం చెప్పాడు. ఆవిడ అతనికి కూడా ఒక బొట్టు పెట్టింది. హారన్ గొడవేమిటో కనుక్కోవడానికి పక్కింటాయన వచ్చి, చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు. కారును లాక్కెళ్లడానికి ఫణి పిలిచిన టో ట్రక్కు వచ్చింది. డ్రైవరు గొలుసు దింపసాగాడు.

ఈలోగా రాగిణి కారుతో వచ్చిన పుస్తకం తీసింది. కారు గురించి పరీక్షలో ఏమైనా అడుగుతారేమోనని భయపడి, దాన్ని ఆమె అంతకుముందే చదివింది. ఇప్పుడు కావలసిన పేజీ వెతికి పట్టుకుని, కారులో కూర్చుంది. చెయ్యి ఆనించుకునే చోట కింద ఒక చిన్న గుర్తు ఉంది. దానికి రిమోట్ తాకించి, బ్రేకు తొక్కి, బటన్ నొక్కింది.

ఎలక్ట్రిక్ కారు కనుక చప్పుడేమీ రాలేదు. ఉన్న చప్పుడు ఆగిపోయింది.

"ఏం చేశావ్?" అన్నాడు ఫణి.

"రిమోట్‌లో బ్యాటరీ లేకపోతే ఇక్కడ ఆనించాలట."

"రెండిట్లోనూ ఒకేసారి ఎలా పోతుంది రాగీ, లాజికల్‌గా..."

"ఎక్కుతావా? లేక మీటింగ్ ఉందా?"

మధ్యాహ్నం రాగిణి తానే కారు నడుపుకుంటూ తిరిగొచ్చింది. పాసైంది. నాగమల్లేశ్వరి పూజ లడ్డూల డబ్బా తెరిచి, సగానికి సగం ఖాళీగా ఉండటం చూసి ఆగిపోయింది. ఫణి రెండు రిమోట్‌లూ మూత విప్పి బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో విజయవాడ దుకాణం స్టిక్కరున్న పాత బిళ్ల బ్యాటరీ ఉంది. రెండోదాంట్లో ఏమీ లేదు.

నాగమల్లేశ్వరి భర్త వైపు చూసింది. ఎందరి చేతో నిజం చెప్పించిన చక్రపాణి లడ్డూల డబ్బాకు మూత పెట్టారు.

"నేనే. నువ్వు పడుకున్నాక లడ్డూలు తిన్నా. తల తిరుగుతోందని షుగర్ చూసుకోబోతే విజయవాడలో కొన్న మెషీన్‌లో బ్యాటరీ అయిపోయింది. రిమోట్‌లోదీ అదే సైజు కదా అని అదిటూ ఇదటూ మార్చా. మూడొందల పైన చూపించింది. అది పాడు బ్యాటరీ అనుకుని చెత్తబుట్టలో పడేసి, రెండో రిమోట్ విప్పా. అదీ అంతే చూపించింది. రెండూ ఒకేసారి చెడిపోవని పొద్దున అవినాష్ చెప్పేదాకా, తప్పు బ్యాటరీలదే అనుకున్నాను."