తొలి ఒంటరి విహార సన్మాన సభ

మానవజాతి ఇంజను లేకుండా ఎగరడం ఎప్పుడో నేర్చుకుంది గానీ, ముఖ్య అతిథి సందేశం లేకుండా ఎగరడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు. బరంపురం దగ్గర హుమ్మ ఊరు దాటాక ఉప్పుమడుల పక్క మైదానంలో ఉన్న గ్లైడింగ్ సంఘం ఈ లోటును ఎన్నడూ దాచుకోలేదు.

అక్కడ ఆదివారం పని ఇలా సాగుతుంది. పొద్దున్నే అందరూ కలిసి గ్లైడరును షెడ్డులోంచి బయటికి తోస్తారు. ఒకరు రెక్క నేలకు తగలకుండా పట్టుకుంటారు, ఒకరు జెండా ఊపుతారు, మైదానం ఆ చివర లారీ ఇంజనొకటి గ్లైడరుకు కట్టిన తీగను చుట్టుకుంటూ లాగుతుంది, గ్లైడరు గాలిపటంలా పైకి లేస్తుంది. (రెక్క పట్టుకోవడానికి ఒక ఉపసంఘం, వదలడానికి మరో ఉపసంఘం ఉన్నాయి. రెండోది సమావేశం కాకపోతే మొదటిది పట్టుకునే ఉంటుంది.) ఎండ కాసినంతసేపూ పైకి లేచే వేడిగాలి మీద తిరగొచ్చు. మధ్యాహ్నం సముద్రపు చల్లగాలి తగిలిందంటే ఆ రోజుకి కొట్టు కట్టేసినట్టే.

ప్రమోద బరంపురంలో బ్యాంకు ఉద్యోగి. ఇన్నాళ్లూ గురువు సూర్యారావుగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకునే ఎగిరింది. ఈ ఆదివారం మొదటిసారి ఒక్కతే ఎగరాలి. వెనక నుంచి సలహాలిచ్చేవాళ్లు లేకుండా, ఒక్కసారి ఆకాశంలో తానొక్కతే ఉండాలని ఆమెకు ఎంత ఆశో చెప్పలేం. ముందురోజు రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

అయితే సంఘం నిబంధన ప్రకారం తొలి ఒంటరి విహారానికి సన్మానం తప్పనిసరి. సన్మానం ముందు, విహారం తరవాత. (విహారం ముందు పెడితే జనం అది చూసి భోజనాలకు పోతున్నారు. ముఖ్య అతిథి ఖాళీ కుర్చీలకు సందేశం ఇవ్వాల్సి వస్తోంది.)

ముఖ్య అతిథి, బరంపురం బడా బజార్ బెల్లం వ్యాపారి శ్యామసుందర్ బాబు, కొట్లో సరుకు దింపించుకుని తీరిగ్గా వచ్చారు. ఆకాశంతో మొదలుపెట్టి చెరకు తోటల దాకా మాట్లాడారు. ఎండ మంచి ఊపు మీద ఉంది. ప్రమోద గ్లైడరు వంకే చూస్తూ కూర్చుంది. తరవాత ఆయన "ఒంటరిగా గగనాన్ని ఏలిన ధీరవనిత" అని సన్మానపత్రం చదివి శాలువా కప్పారు. మెడలో దండతోనే ఆమెను గ్లైడర్లో కూర్చోబెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. అభినందనలు వచ్చిపడ్డాయి.

ప్రమోద దండ తీసేసి, గ్లైడరు మూత దించుకోబోయింది. సన్మాన కార్యదర్శి జగ్గారావు పరుగెత్తుకొచ్చాడు.

"ఏటమ్మా, ఎక్కడికెల్తన్నావు?"

"అదేటి బాబాయ్, ఎగరాల కదా!"

"ఒంటరిగా ఎగిరినందుకు ఇప్పుడే కదమ్మా సన్మానించినాం! మొదటిది అయిపోనాది. ఇప్పుడెగిరితే రెండోదవుతాది. రెండోదానికి ఇంకో ముఖ్య అతిథిని పిలవాల."

"నేను నేల మీదే ఉన్నాను, సూడు బాబాయ్!"

"ఆ మాట గట్టిగా అనకు. శ్యామసుందర్ బాబు అంతమందిలో సదివిందంతా అబద్ధమైపోదా? పెద్దమనిషిని పిలిసి అవమానిస్తామేటి?"

ప్రమోదకు ఏడుపొచ్చింది. తిన్నగా సూర్యారావుగారి దగ్గరికి వెళ్లింది.

"మీరైనా సెప్పండి మాస్టారూ! ఒక్కరే ఎగిరినోరు కదా, మీకు తెలుసు కదా!"

ఆయన నేల చూపులు చూశారు. "నన్ను కూడా ముందే సన్మానించేసినారమ్మా" అన్నారు.

ఇంతలో సముద్రపు గాలి తగిలింది. గ్లైడరును తిరిగి షెడ్డులోకి తోశారు. ఒంటరిగా ఎగిరినవారు ఇతరులకు నేర్పవచ్చన్న నిబంధన కింద, ప్రమోదను ఆ సాయంత్రమే గురువుగా నియమించారు. (గురువుల కొరత అన్నది ఈ సంఘం ఎరగదు.)

మరుసటి ఆదివారం ఆమె వెనక సీట్లో కూర్చుంది. ముందు సీట్లో కొత్త శిష్యుడు, రైల్వే ఉద్యోగి మసేను. గ్లైడరు వేడిగాలి అందుకుని హాయిగా పైకి తేలింది. కింద ఉప్పుమడులు తళతళ మెరుస్తున్నాయి. మసేను ఒళ్లు పులకరించి తల కాస్త వెనక్కి తిప్పాడు.

"మేడమ్, ఇక్కడ ఒక్కరే ఉంటే ఎలాగుంటాదండీ?"

ప్రమోద కాస్త ముందుకు వంగింది.

"బాగుంటాది. అందరూ సప్పట్లు కొడతారు."